సరిహద్దు ఆచారము – సమితి నివేదిక: బసివి సమస్యపై ఒక విమర్శ

బళ్లారి పట్టణమునకు చేరువలో కప్పగల్లు అను గ్రామము కలదు. పట్టణములోని కప్పగల్లు రోడ్డు ఈ గ్రామము పేరున ఏర్పడినదే. గ్రామమునకు సమీపముననున్న నల్లరాతి గట్టుమీద నవీన శిలాయుగపు మానవులు చెక్కిన ఎద్దుల బొమ్మలు, మనుష్యుల బొమ్మలు విస్తారముగా నున్నవి. అచ్చటి కొన్ని బండలను రాతితో కొట్టినచో గంటవలె మ్రోగును. ఈ చిత్రములను గూర్చిన ప్రథమ వృత్తాంతము 1892లో ఒక ఆంగ్ల పత్రికలో వెలువడినది. దానిని వ్రాసినవాడు మదరాసు ప్రభుత్వపు పోలీసు అధికారియైన ఎఫ్. ఫాసెట్. ఆ తరువాత పెక్కేండ్లవరకు పరిశోధకులు ఈ చిత్రముల జాడను సరిగా తెలిసికొనజాలక పోయిరి. 2004లో నికోల్ బోయివిన్ ప్రకటించిన వ్యాసముతో ఇవి మరల విద్వల్లోకము దృష్టికి వచ్చినవి. ఈ నడుమ కాలమంతయు గట్టు ఉన్నచోటనే యున్నది. గ్రామస్థులును ఉన్నచోటనే యుండిరి. లేనిదల్లా గ్రామమునకును గ్రంథమునకును నడుమ రాకపోక.

ఆ ఫాసెట్టే ఇంచుమించు అదే కాలమున బళ్లారి సీమలోని బసివి ఆచారమును గూర్చియు ఒక వ్యాసము వ్రాసి బొంబాయి మానవశాస్త్ర సంఘపు పత్రికలో ప్రకటించెను. బసివి యనగా దేవతకు సమర్పింపబడి, వివాహము లేక, తండ్రి యింటనే యుండు స్త్రీ. పుత్రసంతానము లేని తండ్రి కూతురును బసివిగా విడుచుట, ఆమె కుమారునివలె తండ్రి ఆస్తికి వారసురాలగుట, ఆమె బిడ్డలు తండ్రి వంశమునకే చెందుట ఈ ఆచారమునందలి ముఖ్యాంశములు. ఫాసెట్ తన వ్యాసపు శీర్షికలోనే ఈ స్త్రీలు దైవసమర్పణము మూలమున పురుషుల అధికారములను పొందుదురని పేర్కొనెను. నూరు సంవత్సరములకు పైగా గడచిన పిమ్మట అదే ఆచారము ఐక్యరాజ్యసమితి సంఘముల ప్రకటనలలో స్త్రీలపై జరుగు హింసగా పేర్కొనబడినది. ఒకే విషయమును గూర్చి ఇంత భిన్నములైన నిర్ణయములు ఎట్లు కలిగినవి? రెంటియందును విడువబడిన దేమి? సరిహద్దునకు ఇరువైపుల నున్న సేవాసంఘములు కలసి ఆ లోపమును పూరింపగలవా? ఈ మూడు ప్రశ్నలను పరిశీలించుట ఈ వ్యాసము ప్రయోజనము.

ఆచారము – అధికారము

ఫాసెట్ చూచినది అసత్యము కాదు. తండ్రి యిల్లు విడువకుండుట, ఆస్తి పొందుట, తండ్రికి ఉత్తరక్రియలు జరుపుట అనునవి ఆనాటి సామాన్య స్త్రీకి లేని అధికారములే. కాని అతడు ఆచారమును ఆస్తి కన్నుతోనే చూచెను. ఆస్తి లేని యింట ఆ అధికారమునకు విలువ యేమని విచారింపలేదు. సెంటు భూమియైనను లేని కూలివాని కూతురు కుమారునివలె వారసురాలైనను ఆమెకు దక్కునది తండ్రి చేసిన అప్పులు, ముసలి తల్లిదండ్రుల పోషణభారము మాత్రమే. వివాహమను రక్షణ లేదు. బిడ్డలకు తండ్రి పేరు లేదు. ఊరిలో బలవంతుడైనవాని కోర్కెను కాదనుటకు వలయు బలమును లేదు. కావున ఒక్క ఆచారమే భూమిగల యింట ఒక విధముగను, భూమిలేని యింట వేరొక విధముగను పరిణమించినది.

ఇచ్చట శాసన చరిత్రను స్మరింపవలసి యున్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము కూతురు తండ్రి స్వార్జితమునకు ప్రథమశ్రేణి వారసులలో నొకతె యైనది. ఆంధ్రప్రదేశములో 1986 నాటి సవరణ చట్టముచేత ఉమ్మడి కుటుంబపు ఆస్తిలోను ఆమెకు జన్మసిద్ధమైన హక్కు కలిగినది. కర్నాటకములో అట్టి సవరణ 1994లో వచ్చినది. 2005లో కేంద్రచట్టము సవరింపబడి ఆ హక్కు దేశమంతటికిని వ్యాపించినది. వంశము నిలుపుటకును, ఆస్తి దక్కుటకును కూతురును బసివిగా విడువవలెనను హేతువు దీనితో పూర్తిగా నశించినది. అయినను ఆచారము నశింపలేదన్న, దానిని నిలుపుచున్న కారణము వంశము కాదనియు, దారిద్ర్యము, కులము, ఊరిపెద్దల అధికారము అనునవే కారణములనియు స్పష్టమగుచున్నది. తరువాతి నివేదికలలో ఈ తర్కము తగినంతగా కానరాదు.

ఒక సీమ – రెండు శాసనములు

బళ్లారి 1953 సెప్టెంబరు వరకు మదరాసు రాష్ట్రములోని జిల్లా. దేవదాసీ సమర్పణమును నిషేధించు 1947 నాటి మదరాసు చట్టము ఆదోనికిని, రాయదుర్గమునకును, బళ్లారికిని ఒక్కటిగానే వర్తించెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రమునకును చేరినవి. బళ్లారి తాలూకా విషయమున వివాదము కలుగగా జస్టిస్ మిశ్రా విచారణ జరిపి మైసూరునకు చెందవలెనని నిర్ణయించెను. 1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము బళ్లారి, హోస్పేట, శిరుగుప్ప తాలూకాలను ఆంధ్రమున చేర్చవలెనని సూచించినను ప్రభుత్వము ఆ సూచనను అంగీకరింపలేదు.

గీత గీయబడినది గాని, గీతకు ఇరువైపులనున్న చుట్టరికములు, జాతరలు, మ్రొక్కుబళ్లు పూర్వమువలెనే సాగినవి. ఆంధ్రలోని భక్తులు హులిగమ్మకును, సవదత్తి యల్లమ్మకును మ్రొక్కుకొని కర్నాటకమునకు పోవుట నేటికిని సామాన్యమే. శాసనములు మాత్రము వేరైనవి. కర్నాటకము 1982లోను, ఆంధ్రప్రదేశము 1988లోను వేరువేరు దేవదాసీ నిషేధ చట్టములను చేసినవి. కర్నాటక శాసనసభ 2025లో పునరావాసమునకును, దేవదాసీల బిడ్డల హక్కులకును ప్రాధాన్యమిచ్చు క్రొత్త బిల్లును ఆమోదించినది. ఒక రాష్ట్రమున పుట్టిన బాలికను వేరొక రాష్ట్రపు గుడిలో సమర్పించినయెడల విచారణ భారము ఏ పోలీసు ఠాణాది? ఆమె ఏ రాష్ట్రపు పట్టికకెక్కి పింఛను పొందవలెను? ఆచారమునకు పొలిమేర లేదు. అధికారులకు మాత్రము కలదు. ఈ సందునుండియే ఆ బాలిక జారిపోవుచున్నది.

పేరు కూడ ఒక్కటి కాదు. బళ్లారి, అనంతపురము, కర్నూలు సీమలలో బసివి, తెలంగాణములో జోగిని, చిత్తూరు ప్రాంతమున మాతమ్మ, కర్నాటక ప్రభుత్వ పత్రములలో దేవదాసి. దేవదాసి యనగానే చదువరికి స్ఫురించునది కోస్తాజిల్లాల కళావంతులు, ఆలయ నృత్యము, ఈనాములు, ముత్తులక్ష్మీరెడ్డి కాలపు వాదోపవాదములు. బసివికి ఈనాము లేదు, గజ్జె లేదు. ఆమె ప్రధానముగా పొలములో కూలి చేయు స్త్రీ. రెంటికిని ఒక్క పేరు పెట్టుటవలన సమస్య కళాచరిత్రగా మారి, కూలి, కులము, భూమి అను మాటలు వెనుకబడినవి.

సమితి సంఘముల విచారణ విధానము

స్త్రీల పట్ల సర్వవిధ వివక్షను నిర్మూలించు ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించెను. భారతదేశము 1993లో ధ్రువీకరించెను. జాతివివక్షా నిర్మూలన ఒడంబడికను అంతకుముందే 1968లో ధ్రువీకరించియుండెను. బాలల హక్కుల ఒడంబడికలో 1992లో చేరెను. ఈ ఒడంబడికలలో చేరిన ప్రభుత్వము నియమిత కాలమున నివేదిక సమర్పింపవలెను. నిపుణుల సంఘము దానిని పరిశీలించి, ప్రభుత్వ ప్రతినిధులను ప్రశ్నించి, తన అభిప్రాయములను ప్రకటించును. ప్రభుత్వము చెప్పని సంగతులను తెలుపుటకు ప్రజాసంఘములును వేరుగా ప్రతినివేదికలు పంపవచ్చును.

ఈ విధానమునకు గల మితిని దాచరాదు. సంఘము అభిప్రాయము న్యాయస్థానపు తీర్పు వంటిది కాదు. స్త్రీల ఒడంబడికకు 1999లో చేర్చబడిన ఐచ్ఛిక ప్రోటోకాలును భారతదేశము అంగీకరింపలేదు. కావున బళ్లారి సీమలోని ఒక స్త్రీ తన కష్టమును వ్యక్తిగతమైన ఫిర్యాదుగా ఆ సంఘమునకు పంపుకొనుటకు వీలులేదు. ఆమె మాట అచ్చటికి చేరుటకు ప్రతినివేదికయే ముఖ్యమైన మార్గము. అందుచేత నివేదిక వ్రాయువారి బాధ్యత ద్విగుణమగుచున్నది. ఆమె నోటిమాటగా వినబడునది వారి వ్రాతయే.

2000 జనవరిలో న్యూయార్కు నగరమున భారతదేశపు మొదటి నివేదికను పరిశీలించిన స్త్రీల సంఘము, వరకట్నము, సతి, దేవదాసీ పద్ధతి వంటి ఆచారములవలన స్త్రీలపై హింస మరింత తీవ్రరూపము దాల్చుచున్నదని ఆందోళన వెలిబుచ్చెను. 2007లో జెనీవాలో జాతివివక్షా నిర్మూలన సంఘము దేవదాసీ సమర్పణమును దళిత స్త్రీల సమస్యగా ప్రస్తావించెను. దీనికి పూర్వరంగము కలదు. పుట్టుకనుబట్టి చూపు వివక్షలో కులవివక్షయు చేరునని ఆ సంఘము 1996లో భారతదేశపు నివేదికపై అభిప్రాయపడి, 2002లో తన 29వ సాధారణ సూచనచే దానిని స్థిరపరచెను. కులము జాతి కాదు గనుక ఒడంబడిక పరిధిలోనికి రాదని భారత ప్రభుత్వము వాదించుచు వచ్చినది. 2014లో స్త్రీల సంఘము, బాలల హక్కుల సంఘము కలసి హానికరాచారములపై ఒక ఉమ్మడి సూచనను ప్రకటించినవి.

ఈ ప్రకటనలయందు గుణము కలదు. ఆచారమను పేరున దేనినైనను సమర్థింపవచ్చునను వాదము వీటితో త్రోసివేయబడినది. కాని దోషమును కలదు. 2000 నాటి అభిప్రాయమున దేవదాసీ అను నొక్క మాటయే ఇంత విభిన్నమైన సమస్యను మోయవలసి వచ్చినది. సరిహద్దు మాట లేదు. ఆస్తి మాట లేదు. ఫాసెట్ అధికారమును చూచి బాధను చూడలేదు. సమితి సంఘము బాధను చూచి, ఆ బాధకు ఆధారమైన భూమిలేమిని చూడలేదు. దోషము సంఘముదే యనుట న్యాయము కాదు. జెనీవాలో కూర్చున్న నిపుణునకు ఆలూరు ఎచ్చటనున్నదో, బళ్లారి ఎచ్చటనున్నదో తెలియవలెనన్న తెలుపవలసినవారు ఇచ్చటివారే.

అంకెల సంగతియు ఇట్టిదే. కర్నాటక ప్రభుత్వము 1993–94లో జరిపిన గణనలో 22,873 మందిని, 2007–08లో జరిపిన గణనలో 23,787 మందిని గుర్తించినట్లు ప్రకటింపబడినది, మొత్తము 46,660. ఈ అంకెలు ఒక రాష్ట్రమునకు సంబంధించినవి. ఇవతలి రాష్ట్రముల అంకెలను వీటితో జోడించి చూచుటకు ఒకే విధమైన పేరును, ఒకే విధమైన ప్రశ్నావళియు కావలెను. అంతేకాదు, చట్టము వచ్చిన తరువాత సమర్పింపబడితినని ఒక యువతి చెప్పుట తన తల్లిదండ్రుల నేరమును బయటపెట్టుటయే యగును. కావున ఆమె మౌనము వహించును. పట్టికలో ఆమె పేరు చేరదు. పట్టికలో లేనిచో సహాయమును లేదు. శిక్షకై చేసిన చట్టము సహాయమునకు అడ్డగోడ యగుట ఇట్లు సంభవించును. ఈ చిక్కును వివరింపక అంకెను మాత్రము జెనీవాకు పంపిన నివేదిక సగము నివేదికయే.

కలసి పనిచేయుట

సహకారము అసాధ్యము కాదనుటకు నిదర్శనములు కలవు. మహాకవి గుఱ్ఱము జాషువ కుమార్తె హేమలతా లవణం నిజామాబాదు జిల్లాలో సంస్కార్ సంస్థ పక్షమున జోగినుల నడుమ పనిచేసి, వర్నిలో చెల్లి నిలయమును నెలకొల్పిరి. ఆ స్త్రీని చెల్లి యని పిలుచుటలోనే ఒక సిద్ధాంతము ఇమిడియున్నది. ఆమె కేసు కాదు, గణాంకము కాదు, తోబుట్టువు. 1988 నాటి చట్టమునకు ముందు జరిగిన ఇట్టి ఉద్యమములు శాసనమునకు నేల దున్నినవి. 2017లో జాతీయ మానవహక్కుల సంఘము మాతమ్మ ఆచారముపై ఆంధ్రప్రదేశ, తమిళనాడు ప్రభుత్వములు రెంటికిని ఒక్కమారే నోటీసులు పంపెను. ఆచారము రెండు రాష్ట్రములదైనపుడు ప్రశ్నయు రెండు రాష్ట్రములను అడుగవలెనను సూత్రము దీనియందు కలదు. 2014లో సుప్రీంకోర్టు దావణగెరె జిల్లాలోని ఒక దేవాలయమున జరుగబోవు సమర్పణమును నివారింపవలెనని కర్నాటక ప్రభుత్వమును ఆదేశించుటకు కారణమైనదియు ఒక స్వచ్ఛంద సంస్థ అభ్యర్థనమే.

ఇతర దేశముల అనుభవమును గమనింపదగినది. నేపాలమున బాలికలను దేవతకు సమర్పించు దేవకీ ఆచారమును స్త్రీల సంఘము ప్రశ్నించెను. ఆఫ్రికాలోని ఘానా దేశము ట్రోకోసి యను అట్టి ఆచారమును 1998లో నేరముగా శాసించెను. అయినను చట్టముతోనే ఆచారము మాయము కాలేదు. శాసనము, సంస్కరణము, జీవనోపాధి అను మూడును కూడవలెనని ఈ దేశముల కథయు చెప్పుచున్నది.

అడ్డంకులును కలవు. విదేశీ విరాళముల నియంత్రణ చట్టమునకు 2020లో జరిగిన సవరణ ప్రకారము ఒక సంస్థ తాను పొందిన విదేశీ విరాళమును మరియొక సంస్థకు బదిలీ చేయరాదు. పట్టణములోని పెద్ద సంస్థ గ్రామములోని చిన్న సంఘమునకు ధనమునిచ్చి నడుపు పద్ధతి దీనితో ఆగిపోయినది. ధనముపై ఆధారపడిన సహకారము ధనముతోనే పోయినది. స్నేహముపై ఆధారపడినది మాత్రమే మిగిలినది. సంఘములు తమ సహకారమునకు స్వదేశీయమైన ఆధారమును వెదకికొనవలసిన అవసరమును ఇది తెలుపుచున్నది. భాషాసంఘములకు, సారస్వత సమాజములకు ఇచ్చట పని కలదు.

ఇంటి సంగతిని పరదేశపు వేదిక కెక్కించుట దేశమునకు తలవంపులని కొందరందురు. ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. పరదేశీయులు మన దోషములను తమ ఆధిక్యమునకు సాక్ష్యముగా వాడుకొనిన చరిత్ర కలదు. కాని వేరొక చరిత్రయు కలదు. 1946లో దక్షిణాఫ్రికాలోని భారతీయులకు జరుగుచున్న అన్యాయమును ఐక్యరాజ్యసమితి ముందు పెట్టినది భారతదేశమే. అది మా ఇంటి సంగతి యని దక్షిణాఫ్రికా ప్రభుత్వము చేసిన వాదమును భారతదేశము అంగీకరింపలేదు. ఆనాడు రక్షణ కోరిన భారతీయులలో 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిన నేటాల్ తెలుగువారును ఉండిరి. మానవహక్కుల ప్రకటనమును రచించుచున్న కాలమున పురుషులందరు అను మాటకు మారుగా మానవులందరు అని యుండవలెనని పట్టుపట్టిన హంసా మెహతా భారతీయురాలే. డర్బనులోని తెలుగువానికి న్యాయమైన మార్గము ఆదోనిలోని తెలుగు కూలిదానికి అవమానకరమగుట ఎట్లు?

నివేదికకు కొన్ని ప్రమాణములు

పై చర్చనుబట్టి బసివి సమస్యపై వెలువడు నివేదికను పరీక్షించుటకు నాలుగు ప్రమాణములు తేలుచున్నవి. మొదటిది పేరు: ఏ ప్రాంతమున ఆచారమునకు ఏ పేరు కలదో ఆ పేరుతోనే చెప్పి, తేడాలను వివరింపవలెను. రెండవది పొలిమేర: బళ్లారి, అనంతపురము, కర్నూలు జిల్లాల సంఘములు ఒకే ప్రశ్నావళితో విచారించి, కన్నడమునను తెలుగునను ఒకే నివేదికను కూర్పవలెను. మూడవది సాక్షి రక్షణ: బాధితురాలి పేరు, ఊరు, ఆనవాలు బయటపడకుండ చూడవలెను, ఆమె అనుమతి లేనిదే ఆమె కథను వాడరాదు. నాలుగవది తిరుగు ప్రయాణము: సమితి సంఘము చెప్పిన అభిప్రాయము తెలుగున, కన్నడమున అనువదింపబడి గ్రామసభలో చదువబడవలెను, మరుసటి నివేదిక నాటికి జరిగినదేమో, జరుగనిదేమో ఆ సభయే చెప్పవలెను.

ఈ నాలుగింటిలో కడపటిదే మిక్కిలి విస్మరింపబడుచున్నది. గ్రామమునుండి జెనీవాకు పోవు త్రోవను ఎందరో సుగమము చేసిరి. జెనీవానుండి గ్రామమునకు వచ్చు త్రోవ ఇంకను కంపలతో నిండియున్నది. ఆంగ్లమున వెలువడిన అభిప్రాయము ఆంగ్లముననే నిలిచిపోయినచో, ఎవరి బ్రతుకును గూర్చి అది వ్రాయబడినదో వారికే అది తెలియకపోవును. ఆ అభిప్రాయమును ఎరిగిన స్త్రీ తహశీలుదారు ఎదుట నిలిచి, ప్రభుత్వము ప్రపంచము ముందు ఒప్పుకొనిన మాట యిది యని అడుగగలదు. ఎరుగని స్త్రీ అర్జీ పట్టుకొని వాకిట నిలుచును. ఆ రెండు నిలుపుల నడుమనున్న అంతరమే ఈ మొత్తము ప్రయత్నపు ఫలము.

కప్పగల్లు చిత్రములను గూర్చి 1892లో వ్రాయబడినది, మరువబడినది, శతాబ్దము గడచిన పిమ్మట మరల వ్రాయబడినది. రాతికి ఆ ఆలస్యమువలన కలిగిన నష్టము తక్కువ, అది వేచియుండగలదు. పన్నెండేండ్ల బాలిక వేచియుండజాలదు. ఆమెను గూర్చిన నివేదిక ఆమె బాల్యము ముగియకముందే ఆమె ఊరికి, ఆమె భాషలో, తిరిగి చేరవలెను. సరిహద్దునకు ఇరువైపులనున్న తెలుగు, కన్నడ సంఘములు చేయి కలిపి ఈ కార్యమునకు పూనుకొనినచో, 1953లో గీసిన గీత భూమిని విభజించినను బాధ్యతను విభజింపలేదని నిరూపించినట్లగును.